తిప్పని రంగుటద్దం

తిరుపతి వెళ్ళి వచ్చామని తెలియగానే మా వీధిలో వాళ్ళందరూ ప్రసాదం కోసం చేతులు చాచారు. ప్రసాదం లేదన్నాను. పోనీ దర్శనమైనా బాగా అయిందా అన్నారు. కొండ ఎక్కలేదన్నాను. ఆ మాటకు పక్కింటి పంతులుగారు నోరు తెరిచి, మూయడం మరిచిపోయారు. తిరుపతి దాకా వెళ్ళి కొండ ఎక్కకుండా తిరిగొచ్చిన మొగుడూ పెళ్ళాలు బెజవాడ మొత్తానికి మేమే అయి ఉంటాం. ఎందుకు ఎక్కలేదో ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నా గొంతు పోయింది. అందుకని ఒకేసారి రాసి పడేస్తున్నాను. ఇది చదివాక కూడా తప్పు మాదే అనిపిస్తే మీకూ నాకూ మాటలు లేవు.

నేను ప్లీడరు గుమాస్తాను. కోర్టులో నోరెత్తే హక్కు ప్లీడరుగారిది, నాది కాదు. కాబట్టి కోర్టు బయట ఎక్కడ అన్యాయం కనిపించినా నేను ఊరుకోలేను. మా ఆవిడ పేరు సుభద్ర. ఆమె తండ్రికి ఊళ్ళో పటాలు కట్టే కొట్టు ఉంది. దేవుడి బొమ్మలకు అద్దం కోసి చట్రం బిగించే ఆ కొట్లోనే పెరిగింది గనుక, తోటి ఆడపిల్లలు ముగ్గులు నేర్చుకునే వయసుకే ఆమెకు వజ్రపు కలంతో అద్దం కోయడం పట్టుబడింది. ఒకసారి గుంటూరులో ఒక చర్చి కిటికీకి బిగించిన రంగుటద్దాల బొమ్మ చూసింది. ఎండ అందులోంచి దిగి నేల మీద ఎర్రగా, నీలంగా పరుచుకుందట. ఆ రోజు నుంచి ఆమెకు వేరే యావ లేదు. రంగు సీసాలు, పగిలిన లాంతరు అద్దాలు ఏరి తెస్తుంది, కోస్తుంది, సన్నటి సీసపు పట్టీలతో అతికి బొమ్మ చేస్తుంది. నేర్పేవాళ్ళు మాత్రం మా వైపు ఎవరూ లేరు.

యుద్ధం ఆగిన మరుసటి వేసవిలో పత్రికలో ఒక ప్రకటన పడింది. చిత్తూరు మామిడి వ్యాపారి ఒకాయన తిరుపతిలో పెళ్ళిళ్ళకని మంటపం కట్టిస్తున్నారట. దాని తూర్పు గోడకు శంఖచక్రాలతో నిలబడిన శ్రీనివాసుడి బొమ్మ రంగుటద్దాలతో పెట్టాలట. ఇంతకు ముందు ఎక్కడా పని చేయని కొత్తవాళ్ళే పోటీకి రావాలి. గెలిచిన అద్దాన్ని ఆ గోడకు బిగించి, చేసినవాళ్ళను ఏడాది పాటు మద్రాసులో రంగుటద్దాల కార్ఖానాలో పెట్టి, ఖర్చంతా దాతే భరించి, పని నేర్పిస్తారు. సుభద్ర ఆ ప్రకటన చదివి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "ఏమండీ, ఏడాది పాటు మీరు చేయి కాల్చుకోగలరా?" అని అడిగింది. కాల్చుకుంటానన్నాను.

రైల్లో

సుభద్ర తను చేసిన మూరెడున్నర ఎత్తు స్వామి అద్దాన్ని పాత చీరల్లో చుట్టి, చెక్కపెట్టెలో ఊక నింపి అందులో పడుకోబెట్టింది. రైల్లో ఆ పెట్టె మీద కూర్చోవాలని చూడనివాడు లేడు. అందులో అద్దం ఉందని నేను మొత్తుకుంటే ఒక పెద్దమనిషి, "అద్దమేగా" అని తన ఇనప్పెట్టె తెచ్చి దాని మీద పెట్టబోయాడు. నేను లేచి చొక్కా చేతులు మడుస్తుంటే సుభద్ర మెల్లగా, "అందులో స్వామి ఉన్నాడు బాబూ" అంది. అంతే, ఆ పెద్దమనిషి పెట్టెకు దణ్ణం పెట్టి తన చోటు కూడా మాకు ఇచ్చాడు. మాట ఒకటి మార్చితే మనిషి ఎంత మారతాడో నాకు అప్పుడే తెలియాల్సింది.

రేణిగుంటలో కాఫీ తాగాము. పంచదార కరువు కదా, బెల్లం వేసి ఇచ్చారు. బెజవాడలో అదే బెల్లం కాఫీ ఇచ్చి, పంచదార కాఫీ అని దబాయిస్తారు. ఇక్కడ హోటలాయన, "బెల్లమే అప్పా, సక్కెర యాడుండాది?" అని ముందే చెప్పాడు. ఆ జిల్లా గురించి నేను మనస్ఫూర్తిగా చెప్పగలిగిన మంచిమాట ఇదొక్కటే.

తిరుపతి

స్టేషను బయట ఎటు చూసినా నున్నటి గుండ్లే. జట్కావాడు మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "గుండుకు పొయ్యేదా, కొండకు పొయ్యేదా?" అని అడిగాడు. రెండూ కాదు, ఫలానా వ్యాపారి కట్టిస్తున్న కొత్త మంటపానికన్నాను. వాడు కళ్ళెం లాగి వెనక్కి తిరిగాడు.

"అట్లయితే తిరుపతికి ఎందుకొచ్చినట్టప్పా?"

గెలిచాక ఎక్కుతామని సుభద్ర వాడికి సమాధానం చెప్పుకుంది. వాడు ఆరణాలు అడిగినవాడు నాలుగణాలే తీసుకుని, గెలిచి రమ్మని గుర్రం చేత కూడా తలాడించాడు.

మధ్యాహ్నం సత్రం పక్కన ఒక ముసలామె పూటకూళ్ళింట్లో రాగిసంగటి, వేరుశనగ ఊరుబిండి పెట్టింది. మేము రోట్లో గోంగూర నూరుకునే వాళ్ళం. ఊరుబిండి చూసి ఇదేం పచ్చడి అనుకున్నాను, తిన్నాక రెండోసారి అడిగాను. సంగటి నమలబోతే ఆమె నవ్వింది. "నమిలేది కాదు నాయనా, మింగేది. ఈడ అన్నీ మింగాల్సిందే." ఆమె సంగటి గురించే అంది. మర్నాటికి ఆ మాట నాకు వేరే అర్థంలో గుర్తొచ్చింది.

మంటపం ముంగిట

పోటీకి ఏడెనిమిది మంది వచ్చారు. తక్కినవాళ్ళు కాగితం మీద రంగులు వేసి తెచ్చారు. నిజంగా అద్దం కోసి తెచ్చినవాళ్ళు ఇద్దరే. ఒకరు సుభద్ర, రెండోవాడు కాళహస్తిలో లాంతర్లు బాగుచేసే ఇంటివాడు, చెంగల్రాయుడని ఇరవై రెండేళ్ళ యువకుడు. కాగితాలు చూసి పక్కన పెట్టేశారు. రెండు అద్దాలనూ తూర్పు కిటికీ ఖాళీల్లో పక్కపక్కన నిలబెట్టారు. పొద్దుటెండ వాటి మీద పడింది. లోపల నిలబడి చూస్తున్న నాకు ఒళ్ళు జలదరించింది. చెంగల్రాయుడి పని కూడా బాగుంది, కాదనను. కానీ సుభద్ర చేసిన స్వామి కుడిచేతి చక్రం సీసా ఎరుపుతో మండుతోంది, ఎడమచేతి శంఖం పాలలా తెల్లగా ఉంది. వ్యాపారిగారి కార్యదర్శి అది చూసి, "అబ్బా!" అని నిలబడిపోయాడు. ఆ అబ్బాతోనే తీర్పు అయిపోవాలి, న్యాయమనేది ఉంటే.

తీర్పు చెప్పవలసినవారు ఆచార్యులుగారు. దాతగారి ఇంటి శుభకార్యాలన్నీ ఆయన మాట మీదే జరుగుతాయట. ఆయన మంటపం లోపలికి రాలేదు. వాస్తుశాంతి జరగని గడప తొక్కననే నియమం ఆయనది. బయట పెరట్లో, తాటాకు పందిరి కింద కుర్చీ వేయించుకుని అక్కడినుంచే కిటికీ వైపు చూశారు. చదువరులారా, ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పగటిపూట రంగుటద్దాన్ని బయటినుంచి చూస్తే రంగు కనిపించదు. నల్లటి అద్దం, దాని మీద సీసపు గీతలు, అంతే. ఆ గీతలు కూడా వెనకవైపు నుంచి కనిపిస్తాయి. లోపల కుడిచేతిలో ఉన్న చక్రం బయట నిలబడినవాడికి ఎడమచేతిలో ఉన్నట్టుంటుంది.

"చక్రం ఎడమచేతిలోనా! అపచారం! మహాపచారం!" అని ఆచార్యులుగారు చెవులు మూసుకున్నారు. కళ్ళు మూసుకోవలసిన చోట చెవులెందుకు మూసుకున్నారో నాకు తెలియదు.

కార్యదర్శి పరుగున లోపలికి వచ్చి రెండు అద్దాలనూ చూశాడు. విషయం వెంటనే గ్రహించాడు. తలవంచి, గొంతు తగ్గించి, "తిప్పి పెట్టేయండమ్మా, అయిపోతాది. ఆయన ఆడ కూర్చోని సూస్తా ఉండారు గదా" అన్నాడు.

చెంగల్రాయుడు మారుమాట లేకుండా తన అద్దాన్ని వెనక్కి తిప్పి నిలబెట్టాడు. బయటినుంచి, "ఆ, ఇది సరి" అని వినిపించింది. ఇటు లోపల మాత్రం అతని స్వామి ఎడమచేత చక్రం పట్టుకుని నిలబడ్డాడు.

సుభద్ర కిటికీలోంచి బయటికి చూసి, అందరికీ వినపడేట్టు అంది. "అయ్యా, స్వామి తిరగలేదు. మీరు ఆయన వీపు వైపు కూర్చున్నారు. లోపలికి వస్తే ముఖం కనిపిస్తుంది."

ఆచార్యులుగారి ముఖం ఎలా మారిందో నేను రాయను. ఒక ఆడది, అందులోనూ అద్దాలు కోసేది, వీపు వైపు కూర్చున్నారని ఆయనతో అనడం ఆయన జీవితంలో అదే మొదటిసారి అయి ఉంటుంది.

నిజం చెప్పాలి కదా, అప్పుడు నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో సుభద్ర మీదా అంతే వచ్చింది. "ఏమిటే నీ పంతం? ఈ పూటకు తిప్పు. మద్రాసు వెళ్ళి పని నేర్చుకుని వచ్చాక సరిచేసుకోవచ్చు" అన్నాను పళ్ళ బిగువున.

"గోడలో బిగించి సున్నం పెట్టాక ఎవరండీ సరిచేసేది?" అంది. "పెళ్ళికి వచ్చినవాళ్ళంతా కూర్చునేది ఇక్కడ, లోపల. ఏ పెళ్ళికూతురు తలెత్తి చూసినా స్వామి చేతులు తారుమారుగా కనిపించాలా? ఆయన ఒక్కరు బయట కూర్చున్నందుకా?"

చెంగల్రాయుడు పక్కనుంచి బతిమాలాడు. "అక్కా, నేను తిప్పేసినా గదా. నువ్వు గూడా తిప్పేయ్. నీ పనే బాగుండాది, నాకు తెలుసు. నువ్వే గెలస్తావు."

వాడి నోటితోనే వాడు ఒప్పుకున్నాడు. కోర్టులో ఇంతకంటే సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది! అయినా సుభద్ర అద్దం తీసి చీరలో చుట్టింది. మధ్యాహ్నానికి చెంగల్రాయుడు గెలిచాడని ప్రకటించారు. వాడు నా కళ్ళలోకి చూడలేకపోయాడు.

ఆ సాయంత్రం పోనీ కొండకైనా వెళ్దామా అన్నాను. సుభద్ర నన్ను ఎగాదిగా చూసింది. "ఇంత కోపంతో ఎక్కితే మీరు ఆయనతో కూడా తగాదా పెట్టుకుంటారు. వద్దు." ఇదండీ మేము కొండ ఎక్కకపోవడానికి కారణం. పక్కింటి పంతులుగారు దయచేసి గమనించాలి.

చిత్తూరు దారి

రాత్రంతా నాకు నిద్ర లేదు. తెల్లవారగానే, చిత్తూరు వెళ్ళి దాతనే అడుగుదామన్నాను. సుభద్ర వద్దనలేదు. మద్రాసు మాట వదులుకోవడం ఆమెకు మాత్రం అంత తేలికా? బస్సులో పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసి కూర్చుంది. కిటికీలోంచి ఒక్కసారి కూడా బయటికి చూడలేదు.

అది బొగ్గు బస్సు. పెట్రోలు దొరకని కాలం నుంచి వెనకాల పెద్ద పొయ్యి తగిలించుకుని తిరుగుతోంది. ఎత్తు వచ్చిన ప్రతిచోటా మగవాళ్ళను దింపి తోయించారు. టిక్కెట్టు కొనుక్కుని బస్సును తోసే ఆచారం మా కృష్ణా జిల్లాలోనూ ఉంది గాని, అక్కడ కనీసం కండక్టరు సిగ్గుపడతాడు. ఇక్కడి కండక్టరు, "గట్టిగా తోయండబ్బా, సంగటి తినలేదా?" అని మమ్మల్నే కసిరాడు. నేను తోస్తూనే అతనితో తగువు పెట్టుకున్నాను. తోయడమూ తిట్టడమూ కలిసేసరికి ఆ ఎత్తులన్నీ ఎక్కేటప్పటికి నా కోపం సగం ఆవిరైంది. తక్కిన సగం దాతగారి కోసం దాచుకున్నాను.

చిత్తూరులో కోర్టు ముందునుంచి నడిచాము. ఆ మెట్ల మీద కూర్చున్న కక్షిదారుల ముఖాలు మా బెజవాడ కక్షిదారుల ముఖాలే. ఊరు మారినా ఎదురుచూపు మారదు. కోర్టు దాటితే ఊరంతా మామిడిపళ్ళ వాసనే. మేము బంగినపల్లి అనేదాన్ని వాళ్ళు బేనీషా అంటారు. పేరేదైనా నాకు ఆ రోజు వాటి మీద కూడా మనసు పోలేదు.

దాతగారి వాకిలి

దాతగారి పేరు మునిరత్నం. మామిడి మండీ వెనకాలే ఇల్లు. మనిషి నెమ్మదస్తుడు, మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. తిట్టడానికి వెళ్ళినవాడికి మజ్జిగ ఇస్తే సగం మాటలు గొంతులోనే ఉండిపోతాయి. అయినా జరిగిందంతా చెప్పాను. ఆయన అప్పటికే విన్నాడు.

"అమ్మా, నీ పని బాగుండాదని మా కార్యదర్శి గూడా చెప్పినాడు. నేను లేదనను. కానీ ఆయన నోట అపచారమనే మాట వచ్చినాక ఆ అద్దాన్ని నేను యెట్ల బిగించేది? రేపు పెండ్లిండ్లు జరగతాయి. ఆడ ఏదన్నా అయితే?"

"ముందు చూడండి. చూశాక మాట్లాడండి" అని నేను పెట్టె విప్పాను. అద్దాన్ని రెండు చేతులతో ఎత్తి గుమ్మంలో నిలబెట్టి పట్టుకున్నాను. మునిరత్నంగారు వీధి వైపు అరుగు మీద ఉన్నారు. ఎండ ఆయన వెనకనుంచి వస్తోంది. ఆయన కళ్ళు చికిలించి, "ఆడనే గదప్పా, సక్రం ఎడమచేతిలోనే ఉండాది" అన్నారు. నాకు అద్దం అక్కడే విసిరికొట్టాలనిపించింది.

అప్పుడు నా వెనకనుంచి, ఇంట్లోనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఒరే మునిరత్నం, ఎవురురా ఈ సామిని తెచ్చింది?"

వారి తల్లి. మోకాళ్ళు పట్టేసి చాలా కాలంగా ఇల్లు కదలని మనిషట. నడవలో చాప మీద కూర్చుని ఉంది. అద్దంలోంచి దిగిన ఎరుపు ఆమె తెల్లచీర మీద, నీలం ఆమె చేతుల మీద పడి ఉన్నాయి. ఆమె చేతులు జోడించింది.

"ఎంత ఎలుగో సూడరా! కొండకు పోలేనని ఏడిస్తే ఆయనే వచ్చేసినాడు."

"అమ్మా, సక్రం ఏ చేతిలో ఉండాది?" అని మునిరత్నంగారు బయటినుంచే అడిగారు.

"కుడిచేతిలోనే ఉండాది. ఇంకే చేతిలో ఉంటాది? నీకేం కండ్లు కనపడలేదా?"

ఆయన లేచి, నన్ను దాటుకుని లోపలికి వచ్చారు. చూశారు. చాలాసేపు చూశారు. మళ్ళీ బయటికి వెళ్ళి చూశారు. మళ్ళీ లోపలికి వచ్చారు. సుభద్ర గోడకు ఆనుకుని ఆయన ముఖమే చూస్తోంది. ఆమె చీర కొంగు ఆమె గుప్పిట్లో నలిగిపోతోంది.

చివరికి ఆయన అరుగు మీదికి వెళ్ళి కూర్చుని అన్నారు. "సరేనమ్మా. ఇద్దరినీ మద్రాసుకు పంపిస్తాను. ఆ పిల్లోడినీ, నిన్నూ. కిటికీలో నీ అద్దమే పెడతాము. ఒక్కమాటకు ఒప్పుకో. తిప్పి బిగిస్తాము. ఆచార్యులకు నేను సర్ది చెప్పుకుంటా."

ఏడాది మద్రాసు. ఆమె రెండు రోజులు మాట్లాడకుండా కోరుకున్న ఏడాది. లోపల కూర్చున్న తల్లి చూసిందే నిజమని ఆయనకు తెలుసు. తెలిసీ, బయట కుర్చీ వేసుకున్న ఒక మనిషి మాట కోసం దేవుణ్ణి తిప్పమంటున్నాడు. తెలియనివాడితో వాదించవచ్చు, తెలిసినవాడితో ఏమని వాదించను? నిన్న మంటపంలో నేనూ అదే మాట అన్నానని అప్పుడు గుర్తొచ్చి నా మీద నాకే మండింది.

సుభద్ర పెదవి విప్పబోయింది. ఈసారి నేను ఆమె వైపు చూడలేదు, ఆమె జవాబు కోసం ఆగలేదు. అద్దం దించి చీర చుట్టబోయాను.

"కొంచేపు ఉండనీ నాయనా" అంది ఆ తల్లి లోపలినుంచి.

మళ్ళీ ఎత్తి పట్టుకున్నాను. ఆమె తృప్తిగా చూసుకుని చాలనేదాకా పట్టుకున్నాను. భుజాలు పీకాయి. అప్పుడు అద్దాన్ని చుట్టి, ఊకలో పెట్టి, పెట్టె మూత మూసి, తాడు బిగించి ముడి వేశాను. "వస్తామండీ" అన్నాను.

వెళ్ళేటప్పుడు మునిరత్నంగారు బుట్టెడు బేనీషా పళ్ళు ఇప్పించారు. అక్కర్లేదన్నాను. సుభద్ర బుట్ట అందుకుంది. "మామిడిపళ్ళు ఏం చేశాయండీ?" అంది. వీధి మలుపు తిరిగేదాకా మామూలుగానే నడిచింది. తిరిగాక కోర్టు ప్రహరీ పక్కన నిలబడి, ముఖం గోడ వైపు తిప్పుకుని ఏడ్చింది. ఆమె ఏడుస్తుంటే చూడడం నాకు పెళ్ళయిన తరువాత అదే మొదలు. ఆమె దగ్గరి బుట్ట ఒక చేత్తో అందుకుని, రెండో చేత్తో పెట్టె పట్టుకుని దారిన పోయేవాళ్ళకు కనిపించకుండా అడ్డంగా నిలబడ్డాను.

మా వీధిలో

చెంగల్రాయుడు మద్రాసు వెళ్ళాడు. సుభద్ర కూర్చోవలసిన పీట మీద కూర్చుని పని నేర్చుకుంటున్నాడు. తిరుపతి మంటపంలో ఇక ముందు పెళ్ళి చేసుకునేవాళ్ళు తలెత్తి చూసి, చక్రం ఎడమచేతిలో ఉందేమని అడిగితే ఎవరు జవాబు చెబుతారో నాకు తెలియదు. నేను మాత్రం చెప్పను. నా కోపం ఇంకా తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

సుభద్ర తన అద్దాన్ని మా వీధి గుమ్మం పక్క కిటికీకి తనే బిగించుకుంది, ముఖం లోపలికి పెట్టి. పొద్దున్నే ఎండ వచ్చేసరికి మా నేల మీద చక్రం ఎర్రగా పడుతుంది. వీధిన పోయేవాళ్ళకు అది కనిపించదు. వాళ్ళకు కనిపించేది నల్లటి గీతలే. పక్కింటి పంతులుగారు నిన్న కూడా ఆగి, "ఏమండోయ్ గుమాస్తాగారూ, చక్రం ఎడమచేతిలో పెట్టారేమిటి? తిప్పించండి" అని కేకేశారు.

అద్దం తిప్పేది లేదండీ, పంతులుగారూ. తలుపు తీసే ఉంది, లోపలికి రండి.